ఎడమ చేతుల వాళ్ళు

పోయిన వారం కథలో మీరు మమ్మల్ని బడి గేటు దగ్గర వదిలి వెళ్ళారు. ‘ఈ గేటు దాటాక ఇంగ్లిష్ మాత్రమే’ అన్న బోర్డు కింద నేనూ నా స్నేహితురాలు లూమెనూ వానకి తడుస్తూ నిలబడి ఉన్నాం. డివిజన్ ఆఫీసు నుంచి పెద్ద మేడమ్ తనిఖీకి వస్తున్నారని అప్పుడే తెలిసింది. మా బడికి ‘ఇంగ్లిష్ బడి’ అన్న గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడ చేతిలో ఉంది. ఈసారి ఆవిడ ప్రతి ఒక్కరి చేతా పైకి చదివిస్తారట. అందుకని తనిఖీకి ముందు రోజు మా టీచరు సలాయో మేడమ్ మా తొమ్మిదో తరగతిలో ఇంగ్లిష్ చదవలేని ఐదుగురిని నిలబెట్టి, “మీరు రేపు తరగతిలోకి రావద్దు. వంటింట్లో పని ఉంది” అన్నారు. ఆ ఐదుగురిలో లూమెన్ పేరే మొదటిది.

ఆ సాయంత్రం కొండ మీద తమ ఇంట్లో లూమెన్ ఈ సంగతి దాచకుండా చెప్పేసింది. వాళ్ళ నాన్న వెదురు చీలుస్తూ తలెత్తకుండా విన్నాడట. “బడే నిన్ను వద్దంటే ఇంక నేనెందుకు పంపాలి? శనివారం బస్సుకి ఇలోయిలో పట్నం వెళ్ళు. మీ అత్త చూసిన ఇంట్లో పసిపిల్లని ఆడించు” అన్నాడట. ఒక్క దారి మాత్రం మిగిల్చాడు. తనిఖీ అయ్యాక కూడా బడివాళ్ళు లూమెన్‌ని తమ పిల్లే అంటే, ఆమె ఉండొచ్చు. లేదంటే శనివారం బస్సు.

ఇప్పుడు తనిఖీ రోజు పొద్దున.

తనిఖీ అంటే ముందు నేల. సగానికి చీల్చిన కొబ్బరి డొక్క బోర్లించి, దాని మీద పాదం ఆనించి, ఎర్ర మైనం పూసిన గచ్చు మీద ముందుకీ వెనక్కీ రుద్దాలి. ముఖం కనబడేదాకా రుద్దాలి. మిగతా వాళ్ళం పిక్కలు లాగేస్తుంటే మూలుగుతూ రుద్దుతాం. లూమెన్ రుద్దితే అది ఆట. నడుం మీద చేతులు పెట్టుకుని, ఊరి పండగలో ఊరేగింపు ముందు ఆడినట్టు ఊగుతూ గది ఈ చివర్నించి ఆ చివరికి జారిపోతుంది. ఆ రోజూ అలాగే జారుతూ మా హెడ్‌మాస్టర్ మగ్బనువా సార్ గొంతు అనుకరించింది.

“స్టూడెంట్స్! ఎక్కడైనా ఇంగ్లిష్! ఎప్పుడైనా ఇంగ్లిష్! మరుగుదొడ్లో కూడా ఇంగ్లిష్!”

అందరూ విరగబడి నవ్వారు.

“మరుగుదొడ్లో ఎవరితో మాట్లాడతామే?” అన్నాను.

“బల్లితో. పాపం దానికి కినరాయ తప్ప ఇంకేం రాదు. గోడ మీంచి చూసి ‘తిన్నావా లూమెన్’ అని అడుగుతుంది. నేను ఇంగ్లిష్‌లో జవాబు చెప్పలేక తలుపేసుకుని వచ్చేస్తాను.”

కినరాయ మా భాష. మాకు ఇంట్లో అది, టీవీ పాటల్లో ఫిలిపినో, మార్కుల్లో ఇంగ్లిష్. ఇలోయిలో పట్నం వాళ్ళు మా కినరాయ చెవిన పడితే చాలు, కొండమాట అని నవ్వుతారు. ఆ కొండమాటలో లూమెన్ అంత మాటకారి మా ఊళ్ళో ఇంకొకరు లేరు. ఆమె కథ మొదలుపెడితే కల్లు దించడానికి చెట్టెక్కిన వాళ్ళు కూడా మధ్యలో ఆగి వింటారు. అదే లూమెన్ ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని నిలబడితే రాయి. పెదవులు బిగుసుకుపోతాయి. మెడ దగ్గర నరం టపటపా కొట్టుకుంటుంది. ఏడో తరగతిలో ఒకసారి ఆమె పైకి చదువుతుంటే గదంతా నవ్వింది, టీచరుతో సహా. ఆ రోజు నుంచి ఆ నోరు ఇంగ్లిష్ కోసం తెరుచుకోలేదు. నవ్విన వాళ్ళని ఎవరూ వంటింట్లోకి పంపలేదు.

చేతులెత్తే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా బడికి ఎవరు తనిఖీకి వచ్చినా, ప్రశ్న పడగానే తరగతి మొత్తం చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి. తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచి ఒకరిని పిలుస్తారు. చూసేవాళ్ళకి చేతుల తోపు కనిపిస్తుంది, ఆహా అనుకుంటారు. మొదటి తరగతి నుంచీ మాకు ఇది నేర్పారు. అక్షరాల కన్నా ముందు నేర్పారు. లూమెన్ ఎప్పుడూ ఎడమ చెయ్యి. నేనూ ఎడమ చెయ్యే. నాకు జవాబు తెలుసు, అయినా ఎడమే ఎత్తుతాను, ఎందుకంటే పదిమంది నా వైపు తిరిగితే నా గొంతు నాకే దొరకదు.

అలాంటి నన్ను సలాయో మేడమ్ ఆ రోజుకి ఒక పనికి ఎంచుకున్నారు. పాఠం అయ్యాక పెద్ద మేడమ్ “మీ తరగతి వాళ్ళందరూ వచ్చారా?” అని అడుగుతారు. ఎప్పుడూ అడుగుతారట. నేను లేచి, “వచ్చాం మేడమ్, అందరం ఉన్నాం” అని ఇంగ్లిష్‌లో చెప్పాలి. అంతే. వారమంతా నా చేత అదే మాట అప్పజెప్పించారు. ధైర్యంగా మాట్లాడేవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, నేనెందుకు అని అడిగితే, “నువ్వైతే చెప్పమన్నది చెప్తావు ఇందాయ్, పైమాట చెప్పవు” అన్నారు. ఇందాయ్ అంటే మా వైపు ఏ ఆడపిల్లనైనా పిలిచే పిలుపు. మెచ్చుకోలుగానే అన్నారు. నేను కూడా అప్పుడు మెచ్చుకోలు అనే అనుకున్నాను.

నేల మెరిశాక సలాయో మేడమ్ పసుపు అట్టతో చేసిన పేరు బిళ్ళలు తెచ్చారు. ఒక్కొక్కరిని పిలిచి గుండె మీద పిన్నుతో గుచ్చుతున్నారు. కొబ్బరి డొక్క కాలి కిందే ఉంచుకుని లూమెన్ కూడా వరసలో నిలబడింది.

“నువ్వు వంటింటికి వెళ్ళాలి ఇందాయ్.”

“వెళ్తాను మేడమ్. నా బిళ్ళ ఇస్తే పెట్టుకుని వెళ్తాను. వంకాయలకి నా పేరు తెలియాలి కదా.”

ఎవరో కిసుక్కుమన్నారు. సలాయో మేడమ్ నవ్వలేదు. చేతిలోని బిళ్ళల్లోంచి లూమెన్ పేరున్నది వెనక్కి తీసి, “నీది నా దగ్గర ఉంటుంది” అన్నారు.

వంటిల్లు మా గది వెనకే. బడి వంటమనిషి బెబింగ్ మనాంగ్, అంటే బెబింగ్ అక్క, పొయ్యి మీద కోడికూర పులుసు ఎక్కించింది. అతిథులకి అల్లం వేసి, పచ్చి బొప్పాయి ముక్కలేసి, చివర్లో మునగాకు దూసి వేసిన పులుసు. ఐదుగురూ మునగ కొమ్మల చుట్టూ పీటలేసుకుని కూర్చున్నారు. లూమెన్‌తో నేనూ గుమ్మం దాకా వెళ్ళాను.

“రండి రండి, ఫెయిలైన దొరలూ” అంది బెబింగ్ మనాంగ్. “చదువు రానివాళ్ళు దూసిన మునగాకు, చదువుకున్నవాళ్ళు తింటారు. ఈ లోకంలో వంటకి ఇంతకన్నా మసాలా అక్కర్లేదు.”

“నువ్వు ఎంతదాకా చదివావు మనాంగ్?” అన్నాడు ఐదుగురిలో ఒకడు.

“నిన్ను పొయ్యిలో పెట్టేంత దాకా. దూయి!”

లూమెన్ కొమ్మ తీసుకుంది. కింద నుంచి పైకి ఒక్కసారి దూస్తే ఆకంతా ఆమె గుప్పిట్లోకి వచ్చేసింది.

“ఇవాళ్టి పాఠం ఏంటే జెసెల్?”

“రైలు పాఠం. మంచు కురుస్తుంటే రైలు ఆగిపోతుంది కదా, అది.”

“మన దీవిలో రైలు లేదు. మంచూ లేదు, బండివాడు గీరి ఇచ్చే ఐసు తప్ప. ఆ రెండూ లేకపోయినా ఎవరికీ ఏం కాలేదు. నాకు ఇంగ్లిష్ లేకపోతే మాత్రం నేనే లేనట్టు.” నవ్వుతూనే అంది. కొమ్మ వైపు చూస్తూ, “నా కుర్చీలో ఎవరు కూర్చుంటారే?” అని అడిగింది.

“ఎవరు కూర్చుంటారు? ఖాళీగా ఉంటుంది.”

“పిచ్చిదానా. ఖాళీ కుర్చీ కనబడితే అడుగుతారు కదా, ఎవరిదని.”

నాకు అప్పుడు అర్థం కాలేదు. గదిలోకి తిరిగి వచ్చాక అర్థమైంది.

ఐదు కుర్చీల్లోనూ మనుషులున్నారు. మొదటి సెక్షన్ నుంచి ఐదుగురిని తెచ్చి కూర్చోబెట్టారు. ఇస్త్రీ మడతలు, తెల్ల సాక్సులు, పౌడరు వాసన. నా పక్కన లూమెన్ కుర్చీలో మా ఊరి సర్పంచి లాంటి కెప్టెన్ గారి కూతురు షార్లీన్ కూర్చుని ఉంది. ఆమె గుండె మీద పసుపు బిళ్ళ. బిళ్ళ మీద ‘లూమెన్’ అని ఉంది.

ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా ఒళ్ళు మండుతోంది. లూమెన్ అసలు పేరు ఇలుమినాదా. అది వాళ్ళ అమ్మమ్మ పేరు. తుపానులో కొండచరియ విరిగినప్పుడు పసిపిల్లగా ఉన్న లూమెన్‌ని గంపలో పెట్టుకుని దించిన అమ్మమ్మ. ఆ పేరుని పిన్నుతో గుచ్చుకుని షార్లీన్ గోళ్ళు చూసుకుంటోంది.

నేను సలాయో మేడమ్ దగ్గరికి వెళ్ళాను. బల్ల దాకా వెళ్ళడానికే నాకు చెమట పట్టింది.

“మేడమ్, ఆ బిళ్ళ లూమెన్‌ది.”

“తెలుసు.”

“పేరు కూడా ఆమెదే.”

“గొంతు తగ్గించు. ఇంగ్లిష్‌లో మాట్లాడు.”

ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో నాకు తెలుసు. కానీ షార్లీన్ బిళ్ళ వైపు వేలు మాత్రం చూపించాను. ఆవిడే మళ్ళీ మొదలుపెట్టారు, కినరాయలో, గుసగుసగా.

“నాకు మాత్రం ఇష్టమనుకుంటున్నావా? గుర్తింపు రాకపోతే నన్ను ఏ దీవికి విసిరేస్తారో తెలియదు. ఇంటి దగ్గర మా అమ్మ మంచం మీద ఉంది. ఇవాళ ఒక్క పూట ఇందాయ్. పొద్దుగూకేసరికి అందరూ మర్చిపోతారు.”

“లూమెన్‌ని శనివారం పంపేస్తారు మేడమ్. ఇలోయిలోకి, ఇంటి పనికి.”

ఆవిడ తల తిప్పుకుని సుద్దముక్క వెతికారు. అది ఆవిడ చేతిలోనే ఉంది.

“వెళ్ళి కూర్చో. నీ మాట గుర్తుంది కదా?”

గుర్తుంది. అందరం ఉన్నాం మేడమ్.

పెద్ద మేడమ్, అంటే ఎస్పినోసా మేడమ్, వచ్చేసరికి వాన వెలిసి ఉక్క మొదలైంది. భారీ మనిషి. చేతిలో అబకా నారతో అల్లిన విసనకర్ర, విసురుకుంటూనే లోపలికి వచ్చారు. మగ్బనువా సార్ ఆవిడ ముందు వంగి నడుస్తూ, దారిలో లేని రాళ్ళు చూపించి జాగ్రత్త చెబుతున్నారు. మేమంతా లేచి ఒక్క గొంతుతో ఇంగ్లిష్‌లో స్వాగతం పలికాం. వెనక వంటింట్లోంచి అల్లం వాసన వస్తోంది.

పాఠం నున్నటి గచ్చు మీద డొక్కలా జారిపోయింది. సలాయో మేడమ్ అడిగారు, చేతులు లేచాయి. కుడీ ఎడమా కలిసిన చేతుల తోపు. నా ఎడమ చెయ్యి కూడా లేచింది. “చూడండి మేడమ్, ఎంత ఉత్సాహమో” అన్నారు మగ్బనువా సార్. ఎస్పినోసా మేడమ్ విసనకర్ర ఆపి మా చేతుల వైపు కాసేపు చూశారు.

తర్వాత చదివించారు. ఒక్కొక్కరం లేచి రైలు పాఠంలోంచి నాలుగు వాక్యాలు. నా వంతు వచ్చినప్పుడు పుస్తకంలో ముఖం దాచుకుని గడగడా చదివేసి కూర్చున్నాను. అప్పుడు “లూమెన్” అని పిలిచారు. షార్లీన్ లేచింది. ఎంత బాగా చదివిందంటే, ఆ మంచు మా గదిలోనే కురిసినట్టు అనిపించింది. వాళ్ళింట్లో టీవీ అంతా ఇంగ్లిష్ చానెళ్ళే. ఎండాకాలం సెలవుల్లో మనీలాలో ట్యూషన్. ఆమె తప్పేమీ లేదు, బాగా చదివింది. కానీ ఎస్పినోసా మేడమ్, “చాలా బాగుంది లూమెన్. ఏ ఊరు నీది?” అన్నారు. షార్లీన్ తడుముకోకుండా కొండ మీది పల్లె పేరు చెప్పింది. అది కూడా ఆమెకి నేర్పించారు. మగ్బనువా సార్ కళ్ళు తడి చేసుకుని, “చూశారా మేడమ్, కొండ పిల్ల! వాళ్ళ నాన్న వెదురు కొడతాడు. మా బడికి వచ్చాక ఇలా తయారైంది” అన్నారు.

కుర్చీ తీసుకున్నారు, పేరు తీసుకున్నారు. ఇప్పుడు వాళ్ళ నాన్న వెదురు కత్తి కూడా తీసుకుని చప్పట్లకి వాడుకుంటున్నారు. ఆ నాన్న కూతురు మాత్రం గోడ అవతల వీళ్ళ పులుసులోకి ఆకు దూస్తోంది.

ఎస్పినోసా మేడమ్ పుస్తకం మూసి చుట్టూ చూశారు.

“మీ తరగతి వాళ్ళందరూ వచ్చారా?”

సలాయో మేడమ్ నా వైపు తల ఊపారు. నేను లేచాను. పదిమంది కాదు, గదంతా నా వైపు తిరిగింది. మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. వారమంతా నూరిన మాట. నోరు తెరిస్తే అదే వచ్చేస్తుంది.

అప్పుడు నా మోచేతికి షార్లీన్ మోచెయ్యి తగిలింది. ఆ చోట ఉండాల్సిన మోచెయ్యి గరుకుగా ఉంటుంది, వెదురు గీతలతో. ఇది మెత్తగా, పౌడరుతో ఉంది.

“లేదు మేడమ్” అన్నాను ఇంగ్లిష్‌లో.

అంతటితో నా ఇంగ్లిష్ అయిపోయింది. ఇంకో ముక్క దొరకలేదు. ‘ఇంగ్లిష్ మాత్రమే’ అన్న బోర్డు గేటు దగ్గరే కాదు, మా నల్లబల్ల పైన కూడా ఉంది. దాని కిందే నిలబడి మిగతాదంతా కినరాయలో చెప్పేశాను.

“అందరం లేము మేడమ్. ఐదుగురు వంటింట్లో ఉన్నారు. చదవలేరని దాచారు. మీరు తినే పులుసులోకి మునగాకు దూస్తున్నారు.”

ఎక్కడో పెన్సిలు కింద పడి దొర్లింది. సలాయో మేడమ్ నల్లబల్ల వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టారు. దాని మీద అసలేం లేదు.

ఎస్పినోసా మేడమ్ కనుబొమ్మలు ఎత్తారు. పెదవి చివర చిన్న నవ్వు. “ఓ... కొండమాట” అన్నారు పట్నం యాసలో. “చాన్నాళ్ళకి విన్నాను.”

ఆ నవ్వు చెంప మీద కొట్టినట్టు తగిలింది. నేను దొంగతనం సంగతి చెబుతుంటే ఆవిడకి నా యాస ముద్దొచ్చింది.

“ఇది మతిమరుపు పిల్ల మేడమ్” అన్నారు మగ్బనువా సార్, ఇంగ్లిష్‌లో, నవ్వుతూ. “బెదురు కూడా. మిమ్మల్ని చూసి తడబడింది. కూర్చో ఇందాయ్, కూర్చో.”

నేను కూర్చోలేదు.

“ఆ ఐదుగురూ ఎవరెవరు?” అని అడిగారు ఎస్పినోసా మేడమ్ నన్ను. నవ్వు ఇంకా పోలేదు, కానీ విసనకర్ర ఆగింది.

“ముందు లూమెన్.”

“లూమెన్ ఇదిగో కదా!” మగ్బనువా సార్ షార్లీన్ వైపు మూతి చాపి చూపించారు. “ఇప్పుడే చదివింది. మీరే మెచ్చుకున్నారు.”

“ఆమె షార్లీన్” అన్నాను.

“జెసెల్!” సార్ గొంతు ఇంగ్లిష్ వదిలేసి కినరాయలోకి దూకింది. “మీ అమ్మని పిలిపించమంటావా? బడి పరువు తీయడానికే పుట్టావా నువ్వు?”

“సార్, ఇంగ్లిష్” అంది వెనక బెంచీ నుంచి ఎవరో, సన్నగా. ఎవరో చెప్పను. నలుగురైదుగురు నవ్వు ఆపుకోలేక బల్లల కింద తలలు పెట్టేశారు.

ఎస్పినోసా మేడమ్ లేచారు. “అబ్బా, ఏం ఉక్క” అంటూ వెళ్ళి, మా గదికి వంటింటి వైపున్న తలుపు గడియ తీశారు. గాలి కోసం తీశారో, మరెందుకు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు.

తలుపు అవతల లూమెన్ నిలబడి ఉంది.

ఎప్పటి నుంచి నిలబడిందో. ఎడమ నడుం మీద మునగాకు గంప. చేతులు మోచేతుల దాకా తడి. ఆ వెనక గరిటె పట్టుకుని బెబింగ్ మనాంగ్, ఆమె వెనక తక్కిన నలుగురు.

“ఎవరీ అమ్మాయి?” అన్నారు ఎస్పినోసా మేడమ్.

“వంటకి సాయం వచ్చింది మేడమ్” అన్నారు మగ్బనువా సార్, మళ్ళీ ఇంగ్లిష్‌లోకి ఎక్కి. “కొండ మీంచి. చదువుకునే పిల్ల కాదు. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాదు. పాపం, పని కోసం చూస్తున్నారు. త్వరలో పట్నం వెళ్ళిపోతోంది.”

లూమెన్‌కి ఇంగ్లిష్ పలకడం రాదని అందరూ అంటారు. వినడం రాదని ఎవరూ పరీక్ష పెట్టలేదు. తొమ్మిదేళ్ళు అదే గదుల్లో కూర్చుంది. సార్ మాటలు ఒక్కొక్కటీ ఆమె ముఖం మీద పడటం నేను చూశాను. చదువుకునే పిల్ల కాదు. అక్కడ ఒకసారి రెప్పలు కొట్టుకున్నాయి. పట్నం వెళ్ళిపోతోంది. అక్కడ మెడ దగ్గర నరం లేచింది.

బెబింగ్ మనాంగ్‌కి ఇంగ్లిష్ రాదు. అయినా ఆమె గరిటె ఎత్తి, “ఆ మనిషి నీ గురించే ఏదో చెడ్డగా అంటున్నాడే లూమెన్” అంది గట్టిగా.

పేరు గది మధ్యలో పడింది. ఎస్పినోసా మేడమ్ తిరిగి చూశారు. తలుపు దగ్గర ఒక లూమెన్. ముందు వరసలో పసుపు బిళ్ళతో ఒక లూమెన్. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. దాని బదులు ఏం వచ్చిందో నాకు చదవడం రాలేదు. కోపమో, విసుగో, ఈ ఉక్కలో ఈ గొడవ ఎందుకన్న బాధో. ఆవిడ మమ్మల్ని కాపాడటానికి వచ్చిన మనిషి కాదు. మార్కులు వేయడానికి వచ్చిన మనిషి.

“సలాయో మేడమ్” అన్నారు. “మీ పిల్లలు మీకు తెలుసు కదా?”

సలాయో మేడమ్ నల్లబల్ల తుడుస్తూనే ఉన్నారు.

“సరే. పిల్లల్నే అడుగుతాను.” ఎస్పినోసా మేడమ్ రైలు పాఠం పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. ఇంగ్లిష్‌లో, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగారు. “మీలో లూమెన్ ఎవరు? చెయ్యెత్తండి.”

గదిలో ఒక్క చెయ్యి లేవలేదు. మొదటి తరగతి నుంచీ ప్రశ్న పడగానే లేచే చేతులు, ఆ రోజు ఒళ్ళోనే ఉండిపోయాయి.

షార్లీన్ మగ్బనువా సార్ వైపు చూసింది. సార్ మూతి మరోసారి కదిలింది, కొంచెమే. ఆమె కుడి చెయ్యి లేచింది. చెవి దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. చెంపల మీద పౌడరు చారలు కట్టింది. ఆమె ఏడుస్తోందని అప్పుడు తెలిసింది.

నేను తలుపు వైపు చూశాను. గంప పట్టుకున్నది ఎడమ చేత్తో. ఆ చేత్తోనే గంప వదిలేసి ఎత్తుతుందని అనుకున్నాను. అలవాటు కదా. తెలియనివాళ్ళ చెయ్యి, ఇన్నేళ్ళూ ఆమె ఎత్తిన చెయ్యి.

గంప కదల్లేదు. లూమెన్ రెండో చెయ్యి పైకి లేచింది. తడి చెయ్యి, మునగాకులు అంటుకున్న చెయ్యి, గుమ్మం పైకొయ్యకి తగిలేంత ఎత్తుకి. మా బడిలో ఆ చేతిని అలా చూడటం అదే మొదలు.

కుడి చెయ్యి.

ఎస్పినోసా మేడమ్ షార్లీన్‌ని దాటి నడిచారు. మెరిసే గచ్చు మీద ఆవిడ చెప్పులు టకటకలాడాయి. వెళ్ళి పుస్తకం తెరిచి లూమెన్‌కి అందించారు.

“అయితే చదువు. నువ్వు చదివితే నువ్వు ఈ బడి పిల్లవి. చదవలేకపోతే హెడ్‌మాస్టర్ గారు చెప్పినదే నిజమనుకుంటాను.”

ఇదేం న్యాయం! చదవడం రాకపోతే ఆమె పేరు ఆమెది కాకుండా పోతుందా? అరవాలనిపించింది. నా మాటలన్నీ అప్పటికే అయిపోయాయి.

లూమెన్ గంప దించింది. చేతులు పావడాకి తుడుచుకుంది. పుస్తకం అందుకుని ఆ పేజీ వైపు చూసింది. ఆగిపోయిన రైలు, కురిసే మంచు. పెదవులు బిగుసుకున్నాయి. నరం కొట్టుకుంది. మగ్బనువా సార్ ఊపిరి పీల్చుకుని చిన్నగా నవ్వారు.

అప్పుడు లూమెన్ పుస్తకం మూసేసింది. మూసి ఎస్పినోసా మేడమ్ చేతిలోనే తిరిగి పెట్టింది. గుమ్మం దాటి లోపలికి వచ్చి, పొద్దున తను రుద్దిన గచ్చు మధ్యలో నిలబడి, తిన్నగా మగ్బనువా సార్ కళ్ళలోకి చూసింది. కొండ మీద కథ మొదలుపెట్టే ముందు చూసినట్టు చూసింది.

ఆమె నోరు తెరిచింది. అందులోంచి ఏ భాష వస్తుందో నాకే కాదు, ఆ గదిలో ఎవ్వరికీ తెలియదు.